రీపెయింట్ చేసిన డైనోసార్ బొమ్మల్ని ఒరిజినల్ అని అంటగడుతున్నారు, కొనేముందు ఇది చదవండి

పాత డైనోసార్ బొమ్మలు సేకరించేవాళ్ళకి, ముఖ్యంగా కార్నెగీ సిరీస్ కోసం వెతుకుతున్నవాళ్ళకి ఈ హెచ్చరిక. తయారీ ఆగిపోయిన బొమ్మలకి ఇంట్లో కూర్చుని కొత్తగా రంగులేసి, "తొలి విడత రంగు, చాలా అరుదు, కొత్తదానిలా ఉంది" అని చెప్పి అమ్ముతున్నారు. నాకూ అలాగే అంటగట్టారు. డబ్బు వెనక్కి రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. ఇంకొకరు ఇదే ఉచ్చులో పడకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను కొన్నది సఫారీ లిమిటెడ్ అనే అమెరికా బొమ్మల కంపెనీ వాళ్ళ కార్నెగీ టైరనోసారస్. ఈ సిరీస్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీతో కలిసి 1988లో మొదలుపెట్టారు, 2015లో ఆపేశారు. చాలావరకు 1:40 స్కేల్ బొమ్మలు, అంటే అసలు జంతువు పరిమాణంలో నలభయ్యో వంతు, చేత్తో రంగులేసినవి. ఇన్నేళ్ళలో కంపెనీయే కొన్ని బొమ్మలకి అచ్చు మార్చకుండా రంగులు మాత్రం మార్చింది. అందుకే ఒకే టైరనోసారస్ రకరకాల రంగుల్లో దొరుకుతుంది. బొమ్మ మీద అచ్చయి ఉండే సంవత్సరం మాత్రం మారదు. అది అచ్చు తయారైన సంవత్సరమే గానీ రంగు వేసిన సంవత్సరం కాదు. మోసమంతా ఈ ఒక్క సంగతి మీదే నడుస్తోంది. తర్వాతి విడత బొమ్మని చవగ్గా కొంటారు, దానికి తొలి విడత రంగులు వేస్తారు, కింద ఉన్న సంవత్సరాన్ని దగ్గరగా ఫొటో తీసి సాక్ష్యంగా చూపిస్తారు. సంవత్సరం నిజమే. పైన ఉన్న రంగే అబద్ధం.

కొనేముందు నేను సూటిగానే అడిగాను: "ఇది కంపెనీ రంగేనా? ఎక్కడైనా టచప్ చేశారా?" అని. "ఒరిజినల్ పెయింటే సార్, అద్దాల బీరువాలో పెట్టి దాచిన పీసు" అని జవాబొచ్చింది. ఫొటోలు చూస్తే కూడా నమ్మేలాగే ఉన్నాయి. ఇప్పుడు మళ్ళీ వాటినే చూస్తుంటే ఒక విషయం కనిపిస్తోంది. అన్నీ ఒకే పక్క నుంచి, పసుపు వెలుగు పడే దీపం కింద తీసినవి. నోటి లోపలిది ఒక్కటీ లేదు, పాదాల అడుగుది ఒక్కటీ లేదు.

పార్సిల్ విప్పగానే బొమ్మకి చుట్టిన పల్చటి కాగితం వీపు దగ్గర అంటుకుపోయి ఉంది. లాగితే కాగితపు నూగు రంగులోనే ఉండిపోయింది. ఒక్క ఈ గుర్తుతోనే మోసమని తేల్చెయ్యకూడదు, ఎందుకంటే పాత పీవీసీ బొమ్మలు వాటంతట అవే జిగురుగా మారుతుంటాయి. ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ ఏళ్ళు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. కానీ అలా ఊరితే ఒళ్ళంతా కాస్త జిడ్డుగా ఉండాలి. ఇక్కడ వీపు, పక్కలు జిగురుగా ఉన్నాయి, పొట్ట కింద మాత్రం పొడిగా, నున్నగా ఉంది. బొమ్మని తిరగేసి పగటి వెలుగులో చూస్తే తొడ లోపలి వైపు రంగుల సరిహద్దు గీత గీసినట్టు తెలిసింది. అచ్చు అక్షరాలున్న చోటు ఒక్కటీ పాత రంగుతో వదిలేసి, చుట్టూ కొత్త రంగు పూశారు. సంవత్సరం ఫొటోలో స్పష్టంగా పడాలి కదా మరి.

ఆ తర్వాత చేతుల కింద చూశాను. టైరనోసారస్ చేతులు ఛాతీకి ఎంత దగ్గరగా ఉంటాయో మీకు తెలుసు, ఆ సందులోకి బ్రష్ సరిగ్గా దూరదు. అక్కడ ముదురు రంగు ఆగిపోయి, లోపల వేరే లేత రంగు కనిపిస్తోంది. నోటి మూలల్లో పళ్ళకీ చిగురుకీ మధ్య రంగు ముద్దగా నిండిపోయి, పళ్ళు విడివిడిగా కాకుండా ఒకే పట్టీలా ఉన్నాయి. చివరికి తోక కింద కనపడని చోట దూది పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి మెల్లగా రుద్దాను. పై రంగు దూదికి వచ్చేసింది, దాని కింద కంపెనీ వేసిన తర్వాతి విడత రంగు బయటపడింది. ఇక సందేహానికి చోటే లేదు.

ఫొటోలన్నీ పెట్టి డబ్బు వెనక్కి అడిగితే మొదట "మీరే గీకి పాడుచేశారు" అన్నారు. మళ్ళీ అడిగితే "రీపెయింట్ అయితే ఏమైంది, ఇంకా అందంగానే ఉందిగా, విలువేం తగ్గదు" అన్నారు. ఆ తర్వాత జవాబు లేదు.

ఆ రెండో మాట గురించే అందరితో మాట్లాడాలని ఉంది. రంగు కొత్తగా ఉంటే విలువ పెరుగుతుందని, పోనీ తగ్గదని, కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ళు చాలామంది నిజంగానే నమ్ముతారు. అది తప్పు. తయారీ ఆగిపోయిన పాత బొమ్మకి కలెక్టర్ ఎక్కువ డబ్బు పెట్టేది అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్నందుకు. మీద కొత్త పొర పడగానే ఆ కారణం పోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది, కొత్త పొర కింద ఏముందో ఎవరూ చెప్పలేరు. విరిగిన తోక కొనని పుట్టీతో కట్టి ఉండొచ్చు, కొమ్ముని జిగురుతో అతికించి ఉండొచ్చు, అసలు బొమ్మే నకలు అచ్చులో పోసినదై ఉండొచ్చు. అందుకే రీపెయింట్ అని తెలిసిన మరుక్షణం అనుభవమున్న కలెక్టర్ వెనక్కి తగ్గుతాడు. మళ్ళీ అమ్ముదామంటే కొనేవాళ్ళే కరువవుతారు. ఒరిజినల్ రంగు అక్కడక్కడా అరిగి, ముక్కు మీద ప్లాస్టిక్ కనిపిస్తున్న బొమ్మ కూడా, నీటుగా రీపెయింట్ చేసిన బొమ్మకన్నా మంచి ధరకి పోతుంది.

ఒకే రంగు ప్లాస్టిక్‌తో వచ్చిన పాత బొమ్మల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. 1950ల్లో లూయీ మార్క్స్ కంపెనీ ప్లేసెట్లలో ఇచ్చిన డైనోసార్లకి అసలు రంగే వేయలేదు. వాటి ప్లాస్టిక్ రంగు, మెరుపు, గట్టిదనం చూసే అవి ఆ కాలంలోనే పోసినవో, అదే అచ్చులో తర్వాత మళ్ళీ తీసినవో తేలుస్తారు. వాటికి పెయింట్ పూస్తే ఆ ఆనవాలే చెరిపేసినట్టు. 1970ల నుంచి ఇన్‌విక్టా వాళ్ళు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం తెచ్చిన బొమ్మలూ అంతే, మొదట ఒకే రంగు ప్లాస్టిక్. తర్వాత కంపెనీయే రంగులేసినవి కూడా వచ్చాయి కాబట్టి అక్కడ మోసానికి మరీ అవకాశం ఉంది. మామూలు ఇన్‌విక్టాకి ఇంట్లో రంగులేసి "ఫ్యాక్టరీ పెయింటెడ్" అంటే, పక్కన పెట్టి పోల్చడానికి అసలుది లేనివాళ్ళు ఎలా పట్టుకుంటారు? కాబట్టి రంగులున్న ఇన్‌విక్టా ఎవరైనా చూపిస్తే, నిక్కమైన ఫ్యాక్టరీ పెయింట్ పీసు ఉన్న కలెక్టర్ ఎవరికైనా ఫొటోలు చూపించాకే డబ్బు కట్టండి. 1994లో బోస్టన్ మ్యూజియం ఆఫ్ సైన్స్ పేరుతో బటాట్ తెచ్చిన బొమ్మల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. వాటిని శ్రద్ధగా వెతికేవాళ్ళు చాలామంది, దొరికేవి తక్కువ.

రీపెయింట్ అన్న పని మీద నాకు కోపం లేదు. పాపో, ష్లైక్, కలెక్టా, పీఎన్ఎస్ఓ లాంటి కంపెనీల ఇప్పుడు దొరికే బొమ్మలకి, 2018 నుంచి మాటెల్ తెస్తున్న జురాసిక్ వరల్డ్ బొమ్మలకి సొంత రంగులు వేసుకునే కళాకారులు ఎంతోమంది ఉన్నారు. కొందరి పని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. చర్మం మడతల్లో వాష్ (నీళ్ళలా పల్చటి రంగు) దింపి, పొలుసుల మీద డ్రైబ్రష్ (దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో రంగు తాకించడం) వేసి, కంట్లో చుక్క వార్నిష్ పెట్టి ప్రాణం పోస్తారు. అలాంటి కస్టమ్ పీసుకి కొత్త బొమ్మకన్నా ఎక్కువ ఇచ్చి కొనేవాళ్ళున్నారు, కొనడంలో తప్పేమీ లేదు. కానీ అక్కడ డబ్బు ఇస్తున్నది ఆ చేతి పనికి. అమ్మేవాడు కస్టమ్ అని చెప్పే అమ్ముతాడు, నిజాయితీ ఉన్న కళాకారుడు పాదం అడుగున సంతకం పెడతాడు. రెసిన్ కిట్లు, 1970ల నాటి అరోరా ప్రీహిస్టారిక్ సీన్స్ లాంటి మోడల్ కిట్ల సంగతి పూర్తిగా వేరు. అవి విడి ముక్కలుగా, మనమే కట్టి రంగులేసుకోవడానికే వచ్చాయి. వాటిలో కూడా కట్టని, పెట్టె విప్పని కిట్‌కే కలెక్టర్ల దగ్గర ఎక్కువ పలుకుతుందన్నది గుర్తుంచుకుంటే చాలు.

"నచ్చకపోతే పై రంగు తీసేసుకోండి, కింద ఒరిజినల్ అలాగే ఉంటుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. పై పొరని కరిగించే ద్రవం కింది పొరని వదలదు. ఆల్కహాల్‌తో ఆక్రిలిక్ రంగు వస్తుంది, దాంతో పాటు ఫ్యాక్టరీ రంగు కూడా చాలాసార్లు లేచొస్తుంది. అసిటోన్ అయితే ప్లాస్టిక్కే మెత్తబడి పొలుసులు అణిగిపోతాయి. పై రంగు ఎనామెల్ (నూనె కలిసిన రంగు) అయినా, కొన్ని రకాల స్ప్రే అయినా మెత్తటి పీవీసీ మీద అది ఎప్పటికీ పూర్తిగా ఆరదు, ప్లాస్టిసైజర్‌తో కలిసి జిగురవుతుంది. నా బొమ్మ వీపుకి కాగితం అంటుకుంది అందుకే. ఆ పొర మీద దుమ్ము కూర్చుంటే తుడిస్తే పోదు, పక్క బొమ్మని తాకితే దాని రంగూ పాడవుతుంది. అందుకని అనుమానమున్న బొమ్మని మిగతావాటితో కలిపి పెట్టకండి. నేను చేసిన ఆల్కహాల్ పరీక్ష కూడా మంచి బొమ్మ మీద ఎవరూ చేయొద్దు, దగాపడ్డామని రూఢి అయ్యాక చివరి సాక్ష్యం కోసం తప్ప.

పాత బొమ్మ రంగు ముందుగా ఎక్కడ అరుగుతుందో చూడటం అన్నిటికన్నా పనికొచ్చే అలవాటు. ముక్కు కొన, గోళ్ళు, తోక చివర, కొమ్ముల మొన, పాదాల అంచులు. ముప్పై ఏళ్ళ నాటి బొమ్మకి ఇవన్నీ నిండు రంగుతో నిగనిగలాడుతున్నాయంటే రెండే మాటలు, నిజంగా ఎవరూ ముట్టుకోకుండా దాచి ఉండాలి, లేదా రంగు దిద్ది ఉండాలి. కదిలే చేతులు కాళ్ళున్న బొమ్మలయితే కీళ్ళ దగ్గర తిప్పి చూడండి, లోపలి రంగు అక్కడ దాగదు. 1993 నాటి కెన్నర్ జురాసిక్ పార్క్ బొమ్మల తొడ మీద ఉండే జేపీ ముద్ర అంచులు పదునుగా ఉన్నాయా, రంగు నిండి మొద్దుబారాయా అన్నది కూడా చూడాలి. అతినీలలోహిత టార్చి ఉంటే చీకట్లో వేసి చూడండి. ఒకే రంగులో కొంత భాగం వేరేగా మెరిస్తే దిద్దారని అనుమానించాల్సిందే. తేడా కనపడకపోతే మాత్రం దాన్నే నమ్మి డబ్బు కట్టకండి, కొన్ని రంగులు ఒకేలా కనిపిస్తాయి.

డబ్బు కట్టేముందు అడగాల్సిన ఫొటోలు: పగటి వెలుగులో రెండు పక్కలా, పొట్ట కింద పూర్తిగా (అక్షరాలు ఒక్కటే కాదు, వాటి చుట్టూ నాలుగు వైపులా), నోటి లోపల, చంకల్లో, పాదాల అడుగున. "రంగు పూర్తిగా కంపెనీదే, టచప్ లేదు, రిపేరు లేదు" అని అమ్మేవాళ్ళ చేత రాయించుకోండి, ఫోన్లో చెప్పిన మాటతో సరిపెట్టుకోవద్దు. "నాకు తెలిసినంతలో ఒరిజినలే" అని రాస్తే అది హామీ కాదు. ఫిర్యాదు చేసి డబ్బు నిలిపే వీలున్న పద్ధతిలోనే కట్టండి, నేరుగా పంపొద్దు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, లేకపోతే నాకు చెప్పినట్టే మీకూ "మీరే పాడుచేశారు" అంటారు.

చేతిలో రీపెయింట్ పీసులున్నవాళ్ళకి ఒక విన్నపం. ఇప్పుడు అమ్మే ఉద్దేశం లేకపోయినా సరే, పాదం అడుగున చెరగని సిరాతో "రీపెయింట్" అని, వేసిన సంవత్సరం రాసి పెట్టండి. బొమ్మలు చేతులు మారుతూనే ఉంటాయి, మూడో చేతికి వెళ్ళేసరికి నిజం చెప్పేవాళ్ళు ఎవరూ మిగలరు. నా టైరనోసారస్ మీద ఆ మాట ఇప్పటికే రాశాను.

ఆ అమ్మకందారు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. అదే పసుపు దీపం, అదే ఒక పక్క ఫొటో, అదే సంవత్సరం క్లోజప్. ఇటీవల ఒక స్టెగోసారస్ పెట్టారు, అది కూడా "తొలి విడత రంగు" అనే. దాని మీద కన్నేసినవాళ్ళు వీపు పలకల మధ్య సందుల్ని పై నుంచి తీసిన ఫొటో అడగండి. ఇవ్వనంటే కొనొద్దు.