డినాన్‌లో ఒక రాత్రి ఉండాలి

బెల్జియం వెళ్ళిన మనవాళ్ళు సాధారణంగా బ్రసెల్స్, బ్రూజ్ చూసుకుని తిరిగి వస్తారు. డినాన్ పేరు విన్నవారు కూడా లక్సెంబర్గ్ దారిలో రెండు మూడు గంటలు ఆగి, వంతెన మీద ఫొటోలు దిగి, కోట ఎక్కి దిగి మళ్ళీ బస్సెక్కేస్తారు. బ్రసెల్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు కూడా మొదట అదే చెప్పాడు: “చిన్న ఊరక్కా, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు.” అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఒక్క రోజులో అంత తిరగలేమన్న కారణంతోనే మే నెలాఖరులో అక్కడ ఒక రాత్రి బస పెట్టుకున్నాము. ఆ నిర్ణయం లేకపోతే ఆ ఊరిని మేము చూసినట్టే కాదని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తున్నది.

ఊరి పేరు రాతలో చివర ‘ట’కారం ఉన్నా, ఫ్రెంచివారు దానిని పలకరు; స్టేషన్లలో చేసే ప్రకటనలు అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బ్రసెల్స్ నుంచి నమూర్ మీదుగా రైలులో సుమారు గంటా నలభై నిమిషాల ప్రయాణం. నమూర్ దాటాక మ్యూజ్ నది, దాని వెంట సున్నపురాతి కొండలు తోడు వస్తాయి కనుక చివరి అరగంట ఎవరూ నిద్రపోకూడదు. స్టేషను నదికి ఎడమ ఒడ్డున ఉంది, చర్చి, కోట కుడి ఒడ్డున ఉన్నాయి. స్టేషను నుంచి వంతెన దాకా ఐదారు నిమిషాల నడక. టాక్సీ అవసరం మాకు రాలేదు.

వంతెన మీదకు రాగానే కనిపించే దృశ్యమే ఆ ఊరి బొమ్మగా లోకమంతా తెలుసు: కింద నది, ఒడ్డున వరుసగా ఇళ్ళు, వాటి మధ్య నల్లని ఉల్లిగడ్డ ఆకారపు శిఖరంతో నోత్ర్‌దామ్ చర్చి, దాని వెనుక నిట్టనిలువుగా లేచిన బండ, ఆ బండ నెత్తిన కోట. 13వ శతాబ్దం తొలినాళ్ళలో కొండరాళ్ళు విరిగిపడి అక్కడున్న పాత చర్చి కూలిపోగా, అదే చోట గోథిక్ పద్ధతిలో ఇప్పటి చర్చిని కట్టారు. ఆ శిఖరం తరువాత 16వ శతాబ్దంలో చేరింది. రాయి మీద పడిన చోటనే, మళ్ళీ ఆ రాతినే ఆనుకుని గుడి కట్టుకున్నారంటే, ఆ నదికీ కొండకూ మధ్య వాళ్ళకు వేరే చోటు లేదని వంతెన మీద నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

కోటకు వెళ్ళడానికి చర్చి పక్కనుంచే రెండు దారులున్నాయి: 408 మెట్లు, లేదా రోప్‌వే. ప్రవేశ టికెట్టులోనే రోప్‌వే కలిసి ఉంటుంది. చలికాలంలో అది నడవని రోజులుంటాయి కనుక పెద్దవారితో వెళ్ళేవారు వేసవినే ఎంచుకోవడం మేలు. అమ్మ, తమ్ముడు రోప్‌వేలో వెళ్ళారు, నేను మెట్లెక్కాను. మెట్లు ఎత్తుగా, కొన్నిచోట్ల అరిగిపోయి ఉన్నాయి. వర్షం పడిన రోజున నేనైతే ఎక్కను. లియేజ్ బిషప్పులు ఇక్కడ 11వ శతాబ్దంలోనే కోట కట్టినా, ఇప్పుడు కనిపించేది నెపోలియన్ ఓటమి తరువాత, బెల్జియం నెదర్లాండ్స్‌లో భాగంగా ఉన్న కాలంలో, ఫ్రాన్సుకు ఎదురుగా డచ్చివారు కట్టినది. అందువల్ల మన గోల్కొండవలె రాజసం వెదికితే నిరాశే మిగులుతుంది. ఇది సైనికుల బారకాసులు, వంటశాల, రొట్టెల పొయ్యి, ఖైదు గదులున్న గట్టి కట్టడం. మొదటి ప్రపంచయుద్ధపు కందకంలో కూలిపోయిన ఆశ్రయం ఎలా ఉండేదో చూపే ఒక గదిని నేల వాలుగా కట్టారు. కళ్ళు తిరిగే అలవాటున్నవారు అందులోకి వెళ్ళకపోవడం మంచిది. నా మటుకు కోటలోని ప్రదర్శనలకంటే కోట అంచు నుంచి కనిపించే నది మలుపే టికెట్టుకు న్యాయం చేసింది.

కోటలోనూ, ఊరిలోనూ మనసు బరువెక్కించే చరిత్ర ఒకటుంది. 1914 ఆగస్టు 15న ఫ్రెంచి, జర్మన్ సేనల మధ్య ఇక్కడ జరిగిన పోరులో, వంతెన దగ్గర కాలికి తూటా తగిలిన యువ లెఫ్టినెంటు, తరువాత ఫ్రాన్సు అధ్యక్షుడైన షార్ల్ ద గోల్; ఆ వంతెనకు ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. ఆ తరువాత ఆగస్టు 23న జర్మన్ సైనికులు ఊరి మీద పడి 674 మంది పౌరులను చంపారు. వారిలో మూడు వారాల పసికందు కూడా ఉన్నాడు. ఊరిలో ఎక్కువ భాగం తగలబడింది. అంటే నది ఒడ్డున మనకు ముచ్చటగా కనిపించే ఇళ్ళలో చాలావరకు ఆ తరువాత మళ్ళీ కట్టుకున్నవి. బ్రూజ్‌తో పోల్చి, ఇక్కడ పాత ఇళ్ళు తక్కువని పెదవి విరిచేవారు ఈ సంగతి తెలుసుకుని చూడాలని నా కోరిక. 2001లో జర్మనీ ప్రభుత్వ ప్రతినిధి వచ్చి క్షమాపణ చెప్పేదాకా 87 ఏళ్ళు పట్టింది.

మధ్యాహ్నం భోజనం విషయంలో మాకు పొరపాటు జరిగింది. కోట దిగేసరికి రెండున్నర అయింది. అక్కడి హోటళ్ళలో చాలావరకు మధ్యాహ్నం రెండు గంటలకు వంటగది మూసి, మళ్ళీ సాయంత్రం ఆరు తరువాతనే తెరుస్తాయి. నది ఒడ్డున తెరిచి ఉన్న ఒకచోట కూర్చుంటే, ఆర్డరు తీసుకోవడానికే అరగంట పట్టింది, తెచ్చిన సూపు చల్లగా ఉంది, అడగకుండా పెట్టిన నీళ్ళ సీసాకు విడిగా ధర వేశారు. సీసా నీళ్ళు కొనుక్కోవలసిందే అన్నది ఆ దేశమంతటా ఉన్న పద్ధతే గాని, వచ్చినవారికి ముందుగా ఒక మాట చెప్పడం మర్యాద. వంతెన దగ్గర, బస్సులు ఆగే వరుసలో కాకుండా, లోపలి వీధిలోకి ఒక్క మలుపు తిరిగి తింటే రుచి, మన్నన రెండూ మెరుగని రాత్రి భోజనంలో తెలుసుకున్నాము.

శాకాహారులు తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. బెల్జియం ఆలుగడ్డ వేపుళ్ళకు ప్రపంచమంతటా పేరు; కానీ పాత పద్ధతి పాటించే దుకాణాలలో వాటిని పశువుల కొవ్వులో రెండుసార్లు వేయిస్తారు. నూనెలో వేయించేవారూ ఉన్నారు కనుక అడిగి తినాలి. అడిగితే దాచకుండా చెబుతారు. సూపు ఏ రసంతో కాచారో కూడా అడగాలి. అమ్మ గుడ్డు కూడా తినదు. ఆమె ఆ రెండు రోజులూ రొట్టె, మేక జున్నుతో చేసే పచ్చి ఆకుల సలాడు, మేము వెంట తెచ్చుకున్న పులిహోరతో గడిపింది. కుటుంబంతో వెళ్ళేవారు చిన్న వంటగది ఉన్న బసను తీసుకుంటే ఈ ఇబ్బంది సగం తీరుతుంది.

తమ్ముడు, నేను రాత్రి తిన్నది ఫ్లామిష్. ఇది డినాన్ సొంత వంటకం: పిండి పళ్ళెంలో ఘాటైన స్థానిక జున్ను, గుడ్లు, వెన్న కలిపి పోసి కాల్చి, పొయ్యిలోంచి తీసిన వెంటనే వేడివేడిగా తినాలి. గుడ్లు, వెన్న, జున్ను సంతకు తీసుకువస్తున్న ఒక పల్లెటూరి స్త్రీ కాలుజారి పడితే అన్నీ కలిసిపోయాయని, ఒక రొట్టెలవాడు దానిని పారేయనీయక కాల్చాడని అక్కడివారు చెప్పుకుంటారు. చల్లారితే జున్ను వాసన గట్టిగా వస్తుంది. వేడిగా ఉండగా మాత్రం మా ఇద్దరికీ చాలా నచ్చింది. మళ్ళీ వెడితే మొదటి పూటే తింటాను.

ఇక కూక్. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. డినాన్ కూక్ అన్నది గోధుమపిండి, తేనె సమపాళ్ళలో కలిపి, నీళ్ళు, వెన్న, గుడ్డు, పులిసే పదార్థం ఏదీ చేర్చకుండా, చెక్క అచ్చులలో అదిమి, బాగా వేడెక్కిన పొయ్యిలో కాల్చే బిస్కెట్టు. పొయ్యిలో మెత్తగా ఉన్న తేనె చల్లారగానే గడ్డకడుతుంది కనుక అది రాయిలా గట్టిబడుతుంది. పళ్ళతో కొరకకూడదు, ముక్క విరిచి నోట్లో పెట్టుకుని చప్పరించాలి, లేదా కాఫీలో నానబెట్టాలి. అరచేయంత చేప, గుర్రం, పూలబుట్ట, చర్చి మొదలుకుని, పళ్ళెమంత పెద్ద బొమ్మల దాకా దుకాణాల అద్దాల వెనుక నిలబెట్టి ఉంటాయి. ఒక దుకాణంలో నల్లబడిన పాత అచ్చులను గోడకు తగిలించారు. ఆ చెక్కడం ఎంత సన్ననిదంటే, చేప పొలుసు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు.

ఆ అచ్చులను చూస్తుంటే నాకు గుర్తుకు వచ్చింది పెంబర్తి. హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్ళేటప్పుడు జనగామకు ముందు వచ్చే మా పెంబర్తిలో, ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మలు తేల్చే పని ఇప్పటికీ సాగుతున్నది. మధ్యయుగంలో డినాన్ బతికింది సరిగ్గా అటువంటి పనితోనే. ఇక్కడి ఇత్తడి పాత్రలు, దీపస్తంభాలు, చర్చి సామగ్రి ఐరోపా అంతటా ఎంతగా అమ్ముడయ్యాయంటే, ఫ్రెంచి భాషలో ఆ రకం లోహపు పనికంతటికీ ‘డినాండ్రీ’ అని ఈ ఊరి పేరే నిలిచిపోయింది. 1466లో బర్గండీ సేనలు ఊరిని నేలమట్టం చేసి, వందలమందిని ఇద్దరిద్దరిగా కట్టి నదిలోకి తోసేశాయి. మిగిలిన కంచరులు చెల్లాచెదురై, ఆ కళ వేరే ఊళ్ళకు తరలిపోయింది. ఆ ముట్టడిలో పిండి, తేనె తప్ప మరేమీ దొరకని జనం, రుచి లేని ఆ గట్టి ముద్దను ఇత్తడి పనివారి అచ్చులపై అదిమి అందంగా చేసుకున్నారని, అదే కూక్‌కు పుట్టుక అని ఊరివారి కథ. చరిత్రకారులు దానిని ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, వెళ్ళిపోయిన కంచరుల చేతిపని ఆనవాలు తినే వస్తువు మీద నిలిచి ఉందన్న ఊహను ఊరు ఇన్ని వందల ఏళ్ళు కాపాడుకున్నది. దుకాణంలో నిలబడినప్పుడు నేను దానిని నమ్మాను.

ఆ ఊరికి ఇత్తడి మరో రూపంలో పేరు తెచ్చింది. శాక్సోఫోన్ తయారుచేసిన అడాల్ఫ్ సాక్స్ ఇక్కడే 1814లో పుట్టాడు, 1846లో పారిస్‌లో ఆ వాద్యానికి పేటెంటు పొందాడు. ఆయన పుట్టిన ఇంటి స్థలంలో ఉచితంగా చూడదగిన చిన్న ప్రదర్శనశాల ఉంది, దాని ముందు బెంచీ మీద ఆయన కంచు విగ్రహం కూర్చుని ఉంటుంది. ప్రదర్శన చాలా చిన్నది, పావుగంటలో అయిపోతుంది. సంగీతం పట్ల ఇష్టంతో వెళ్ళేవారికి ఇది చాలదు. వంతెన మీద వేర్వేరు దేశాల పేరిట నిలబెట్టిన రంగురంగుల పెద్ద శాక్సోఫోన్‌ల దగ్గరనే జనం ఎక్కువ. అమ్మ మాత్రం ఆ బెంచీ మీద విగ్రహం పక్కన చాలాసేపు కూర్చున్నది. కద్రి గోపాల్‌నాథ్ శాక్సోఫోన్ మీద వాయించిన త్యాగరాజ కీర్తనలు ఆమె ఏళ్ళుగా వింటున్నది. తెలుగు కీర్తనను పలికిన ఆ వాద్యం ఈ ఇరుకు వీధి మనిషి చేతిదని తెలిసి, తమ్ముడి ఫోనులో అక్కడే ఒకటి పెట్టించుకుని విన్నది.

బస గురించి. మేము ఎడమ ఒడ్డున, పాత ఇంటిలో నడిపే చిన్న అతిథి గృహంలో దిగాము. బుక్ చేసేటప్పుడు లిఫ్టు ఉందని రాసి ఉంది. వెళ్ళి చూస్తే లేదు, మూడో అంతస్తుకు ఇరుకైన చెక్క మెట్లు. ఇంటామె అమ్మను చూడగానే నొచ్చుకుని, తమ సొంత గదిని కింది అంతస్తులో మాకు ఇచ్చి, రాత్రి వేడినీళ్ళ సంచి కూడా తెచ్చి పెట్టింది. తప్పు ప్రకటనదే అయినా, ఆమె మంచితనం దానిని తీర్చింది. పెద్దవారితో వెళ్ళేవారు మాత్రం లిఫ్టు సంగతి ఫోను చేసి కనుక్కోవాలి. రోడ్డు వైపు గదిలో తెల్లవారుజామున వాహనాల రొద ఉంటుంది, నది కనిపించేదీ అటువైపే. నేనైతే రొదను ఓర్చుకుని నది వైపు గదినే తీసుకుంటాను. ఆరు దాటాక పర్యాటకుల బస్సులు వెళ్ళిపోయి, కోట, చర్చి నీడ నీళ్ళలో పడి, ఒడ్డున ఊరివారు మాత్రమే మిగిలిన ఆ రెండు గంటలే మాకు ఆ ప్రయాణంలో మిక్కిలి సంతోషం కలిగించినవి.

మరునాడు పొద్దున పడవ ఎక్కాము. ఆన్సెరెమ్ దాకా వెళ్ళి వచ్చే చిన్న విహారం ముప్పావు గంట. దారిలో బయార్ అనే సూదివంటి బండ కనిపిస్తుంది; మాయాగుర్రం డెక్క తగిలి అది కొండ నుంచి చీలిందని కథ. ఓపిక ఉన్న యువకులు లెస్ నదిలో కయాక్ వేసుకుంటారు, ఊయే నుంచి 21 కిలోమీటర్లు. ఒడ్డు వెంట ఉత్తరంగా నడిస్తే, ఒకప్పుడు ఇత్తడి పనిలో డినాన్‌కు గట్టి పోటీదారైన బువీన్ వస్తుంది. ప్రశాంతమైన చిన్న ఊరు, పైన శిథిలమైన కోట. లెఫ్ బీరు పేరు చూసి వెళ్ళేవారు ఒక సంగతి గమనించాలి: 1152లో స్థాపించిన లెఫ్ మఠం ఈ ఊరిదే గాని, బీరు తయారయ్యేది లూవెన్‌లోని పెద్ద కర్మాగారంలో.

రైలుకు ముందు మళ్ళీ కూక్ దుకాణానికి వెళ్ళి నాలుగు కొన్నాము. చక్కెర కలిపి కొంచెం మెత్తగా చేసే రెన్స్ రకం కూడా ఉంటుంది. పిల్లలకు, పళ్ళు లేని పెద్దలకు అది మంచిది. పొడి డబ్బాలో పెడితే నెలల తరబడి చెడవని చెప్పి, దుకాణంలోని ఆమె ఒక్కొక్కటి విడిగా కాగితంలో చుట్టి ఇచ్చింది. హనుమకొండ చేరాక అమ్మ చేప బొమ్మ కూక్‌ను గుడ్డలో మూట కట్టి రోట్లో నెమ్మదిగా కొట్టి, అందరి చేతుల్లో ఒక్కో ముక్క పెట్టింది. గుర్రం బొమ్మను మాత్రం ఎవరినీ విరగ్గొట్టనీయలేదు.