శాన్ క్లెమెంటె: మెట్లు దిగేకొద్దీ పాత రోమ్

రోమ్‌లో కొలోసియం నుంచి పది నిమిషాలు నడిస్తే శాన్ క్లెమెంటె చర్చి వస్తుంది. మొదటి రోజు ఒక గైడు బృందంతో వెళ్ళాం. ఆయన నలభై నిమిషాల్లో అంతా చూపించేశారు. డబ్బు పోయినందుకన్నా, చూడాల్సినది చూడలేకపోయినందుకు బాధపడ్డాను. మర్నాడు ఉదయం ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను.

పైన ఉన్నది 12వ శతాబ్దపు చర్చి. ప్రవేశం ఉచితం, టికెట్టు కింది తవ్వకాలకే. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేని అమ్మ మొదటి రోజు పైనే కూర్చుంది. శిలువ మీద పన్నెండు తెల్ల పావురాలు, చుట్టూ తీగలు అల్లుకున్న బంగారు మొజాయిక్ చూస్తూ తనకు పొద్దే తెలియలేదట.

ఈ నేల కింద 1857లో తవ్వకం మొదలుపెట్టింది ఐర్లండ్‌కు చెందిన డొమినికన్ సన్యాసి ఫాదర్ జోసెఫ్ ముల్లూలీ. 4వ శతాబ్దపు చర్చి బయటపడింది. పాతదాన్ని మట్టీ రాళ్ళతో పూడ్చి, దాని మీదే కొత్తది కట్టారు. ఆ పూడికే గోడ చిత్రాలను కాపాడింది.

నన్ను కట్టిపడేసింది 11వ శతాబ్దపు చిత్రం ఒకటి. సిసీనియస్ అనే పెద్దమనిషి, ఈ చర్చికి పేరిచ్చిన తొలినాటి పోప్ క్లెమెంటును పట్టుకున్నామనే భ్రమలో సేవకుల చేత రాతి స్తంభాన్ని ఈడ్పిస్తుంటాడు. బొమ్మల పక్కనే వాళ్ళ మాటలు రాసి ఉన్నాయి. క్లెమెంటు మాటలు లాటిన్‌లో, సిసీనియస్ అదిలింపులు అప్పటి జనం వాడుక భాషలో, తిట్టుతో సహా! "కార్వొన్‌చెల్లే, వెనక నుంచి గడకర్రతో తొయ్యి" అంటాడు. ఇటాలియన్ భాషకు దొరికిన తొలి రాతల్లో ఇదొకటి. గ్రాంథిక, వ్యావహారిక వాదాలు విని పెరిగిన నాకు ఆ గోడ ముందు నుంచి కదలాలనిపించలేదు.

ఇంకా కిందికి దిగితే రోమన్ కట్టడాలు. రెండు భవనాల మధ్య ఇరుకు సందు, గుహలాంటి కప్పు కింద, అప్పటి రోమన్లు కొలిచిన మిథ్రా దేవుడి గది, అటూ ఇటూ రాతి అరుగులు, నడుమ ఎద్దును వధిస్తున్న మిథ్రా శిల్పం. ఒకచోట గోడ అవతల నీళ్ళు పారుతున్న చప్పుడు. ఒకప్పుడు ఈ అంతస్తును నీళ్ళు ముంచెత్తితే, 20వ శతాబ్దం మొదట్లో సొరంగం తవ్వి మళ్ళించారు.

సమయం ఉంటే చేలియో కొండ మీది సంతి జొవాన్ని ఎ పావొలో చర్చి కింది రోమన్ ఇళ్ళు కూడా చూడండి. అక్కడ జనం తక్కువ, గోడల రంగులు ఇంకా బాగున్నాయి. కానీ ఒక్కటే చూడగలిగితే శాన్ క్లెమెంటెకే నా ఓటు.

బస తెర్మిని స్టేషన్ దగ్గర. గది శుభ్రంగా ఉంది, లిఫ్టు లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ముందే అడిగి తెలుసుకోండి. గది అద్దె కాక, నగర పన్ను మనిషికి ఇంతని విడిగా కట్టాలి. తాగునీళ్ళు కొనక్కర్లేదు, వీధి కుళాయిల నీళ్ళు చల్లగా, బాగున్నాయి.

నేను వెళ్ళినప్పుడు కింద ఫోటోలు తీయనివ్వలేదు. తలుపులు తెరిచిన వెంటనే నేరుగా అట్టడుగుకు దిగండి. బృందాలు వచ్చాక ఆ నీళ్ళ చప్పుడు వినబడదు.