తెర లేని నాటకశాల: స్కార్‌బరోలోని స్టీఫెన్ జోసెఫ్ థియేటర్

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువారిలో చాలామంది, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వారిని లండన్ వెస్ట్ ఎండ్‌కు తీసుకువెళ్ళి ఏదో ఒక పెద్ద సంగీత నాటకం చూపిస్తారు. నాటకమంటే నిజంగా ప్రాణం పెట్టేవారు మాత్రం ఆ రోజును యార్క్‌షైర్ తీరంలోని స్కార్‌బరోకు కేటాయించాలని నేను కోరుతున్నాను. యార్క్ నుంచి రైలులో సుమారు 50 నిమిషాల ప్రయాణం. స్టేషన్ దిగగానే ఎదురుగా కనిపించే పాత ఓడియన్ సినిమా హాలే 1996 నుంచి స్టీఫెన్ జోసెఫ్ థియేటర్. ఈ సమీక్ష ఆ నాటకశాల గురించే అయినా, దానిని 1972 నుంచి 2009 వరకు నడిపిన నాటక రచయిత, దర్శకుడు అలన్ ఏక్‌బోర్న్ గురించి చెప్పకుండా అక్కడి కుర్చీల గురించి చెప్పడం కూడా సాధ్యం కాదు.

లోపల రెండు హాళ్ళు ఉన్నాయి. పై అంతస్తులోని మెకార్తీ హాలులో 165 మంది కూర్చోవచ్చు. అది మనకు అలవాటైన పద్ధతిలో, వేదిక ఎదురుగా కుర్చీలతో ఉంటుంది. అసలు చూడవలసినది 404 సీట్ల 'రౌండ్'. వేదిక మధ్యలో ఉంటుంది, ప్రేక్షకులు చుట్టూ మెట్ల వరుసలలో కూర్చుంటారు. ముందు తెర లేదు, వెనుక చిత్రించిన పరదా లేదు, పక్కన వింగ్స్ లేవు. సురభి వారి ప్రదర్శనలో తెర లేవగానే కళ్ళముందు నిలిచే కోటలనూ తోటలనూ చూసి పెరిగిన నాకు, నాలుగు కుర్చీలూ ఒక బల్లా మాత్రమే ఉన్న ఆ నేలను చూసినప్పుడు మొదట కొంత వెలితిగా అనిపించిన మాట నిజం. నాటకం మొదలైన పది నిమిషాలకు ఆ వెలితి పోయింది. నటుడు మనకు వీపు పెట్టి నిలబడినప్పుడు అతని మాట విని ఎదుటి పాత్ర ముఖం ఎలా మారుతున్నదో మనకు కనిపిస్తుంది. ఆ వెనుక, అవతలి వరుసలలో కూర్చున్న ప్రేక్షకుల ముఖాలు కూడా కనిపిస్తాయి. ఆంగ్ల సంభాషణను పెదవుల కదలికతో పోల్చుకునే అలవాటున్న పెద్దవారికి ఈ పద్ధతి కొంచెం ఇబ్బందే కనుక, వారిని తీసుకువెళ్ళేవారు కథను ముందుగానే చెప్పి ఉంచడం మంచిది.

ఈ వలయాకార రంగస్థలాన్ని ఆ ఊరికి తెచ్చినవాడు స్టీఫెన్ జోసెఫ్. 1955లో ఆయన పట్టణ గ్రంథాలయం మేడమీది గదిలో నాటకాలు మొదలుపెట్టారు. 1957లో ఏక్‌బోర్న్ అక్కడ రంగస్థల నిర్వహణలో సహాయకుడిగా, చిన్న పాత్రల నటుడిగా చేరారు. తనకిచ్చిన పాత్ర బాగాలేదని ఆ కుర్రవాడు గొణిగితే, అంతకంటే మంచిది నువ్వే రాసుకో అని జోసెఫ్ సవాలు చేశారు. అలా 1959లో మొదటి నాటకం వచ్చింది. 1964లో లండన్‌లో ఒక నాటకం ఘోరంగా దెబ్బతిని, ఏక్‌బోర్న్ లీడ్స్‌లో బీబీసీ రేడియో నాటకాల ఉద్యోగంలో చేరిపోయినప్పుడు, మళ్ళీ రాయమని అడిగినదీ జోసెఫే. ఆ కోరికపై 1965లో స్కార్‌బరోకు రాసిన నాటకమే పేరు మార్చుకుని 1967లో లండన్‌లో ఘనవిజయం సాధించింది. అదే సంవత్సరం జోసెఫ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ తరువాతి సంగతి. లండన్ తలుపులు తెరుచుకున్న రచయిత సాధారణంగా చిన్న ఊరిని వదిలేస్తాడు. ఏక్‌బోర్న్ మాత్రం 1972లో ఆ చిన్న నాటకశాల బాధ్యతను పూర్తిగా భుజాన వేసుకుని, రాసిన 90కి పైగా నాటకాలలో అత్యధిక భాగాన్ని ముందు అక్కడే, తన దర్శకత్వంలోనే ప్రదర్శించి, ఆ తరువాతే లండన్‌కు పంపారు. 1986లో లండన్‌లోని నేషనల్ థియేటర్‌కు, అప్పటి దాని సారథి పీటర్ హాల్ ఆహ్వానంపై వెళ్ళి, రెండేళ్ళు పనిచేసి, తిరిగి స్కార్‌బరోకే వచ్చేశారు. గ్రంథాలయం మేడ నుంచి 1976లో ఒక పాత పాఠశాల కింది అంతస్తుకు, అక్కడి నుంచి 20 ఏళ్ళ తరువాత ఈ ఓడియన్‌కు నాటకశాలను నడిపించినదీ ఆయనే.

చిన్న నాటకశాలకు ఉండే ఇబ్బందులనే ఆయన నాటకాలకు నిర్మాణసూత్రాలుగా మార్చుకున్నారు. స్కార్‌బరోకు వచ్చేవారు వేసవి విహారానికి వచ్చినవారు. మూడు నాటకాల వరుస ఆడితే, ఒకే వారంలో మూడూ చూసే వీలు వారికి ఉండకపోవచ్చు. అందువల్ల 1973లో ఒకే ఇంట్లో, ఒకే వారాంతంలో, ఆరు పాత్రల మధ్య జరిగే కథను భోజనాల గదిలో ఒకటి, ముందు గదిలో ఒకటి, తోటలో ఒకటిగా మూడు నాటకాలు రాశారు. ఏది ముందు చూసినా, ఒక్కటే చూసినా కథ అర్థమవుతుంది. మూడూ చూసినవారికి మాత్రం, భోజనాల గదిలోంచి కోపంగా బయటికి వెళ్ళిన మనిషి తోటలో ఏం చేశాడో తెలుస్తుంది. 1982లో ఇద్దరే నటులతో, పాత్రలు తీసుకునే నిర్ణయాలను బట్టి 16 ముగింపులకు చేరే నాటకమాలను నడిపించారు. ఈ భవనంలోకి వచ్చాక 1999లో మరీ సాహసించి, 'హౌస్', 'గార్డెన్' అనే రెండు నాటకాలను రెండు హాళ్ళలో ఒకే సమయంలో, ఒకే నటబృందంతో ఆడించారు. ఒక హాలులో నిష్క్రమించిన నటుడు మెట్ల మీదుగా పరుగున వెళ్ళి రెండో హాలులో ప్రవేశించవలసిందే. ఆ రెండు హాళ్ళ మధ్య మెట్ల మీద నడిచినప్పుడు ఒక్క క్షణం ఆగి ఆ దూరాన్ని ఊహించుకోండి.

ఆయనవి ప్రహసనాలని కొందరు తేలికగా తీసివేయడం నాకు బాధ కలిగిస్తుంది. 1972 నాటి ఒక నాటకంలో వంటింట్లో ఒక గృహిణి మాట్లాడకుండా, మళ్ళీ మళ్ళీ ఆత్మహత్యకు ప్రయత్నిస్తూ ఉంటుంది. ఇంటికి వచ్చిన అతిథులు ఆమె పొయ్యి శుభ్రం చేస్తున్నదనుకుని సాయపడతారు. అటువంటి దృశ్యం వలయ రంగస్థలంలో జరిగినప్పుడు, ఎదుటి వరుసలో నవ్వుతున్నవారి ముఖాలు మనకు కనిపిస్తాయి, మన నవ్వు వారికి కనిపిస్తుంది.

2006లో పక్షవాతం వచ్చినా ఆయన కొన్ని నెలలలోనే పనిలోకి తిరిగి వచ్చారు. 2009లో క్రిస్ మంక్స్‌కు పగ్గాలు అప్పగించిన తరువాత కూడా ఆ నాటకశాలకే కొత్త నాటకాలు రాశారు. నటులు దొరకక, సెట్టుకు డబ్బు చాలక సతమతమయ్యే మన పరిషత్తు నాటకాల దర్శకులు ఎవరైనా ఇంగ్లండ్ వస్తే, వారిని నేను తప్పకుండా తీసుకువెళ్ళాలనుకునే చోటు ఇది. మొదటిసారి వెళ్ళేవారు టికెట్ కొనేటప్పుడు హాలు పేరు సరిచూసుకుని, 'రౌండ్'లో జరిగే ప్రదర్శననే ఎంచుకోండి. మెకార్తీలో సినిమాలు కూడా వేస్తారు.