ఆర్‌సీ బోట్ల ఫొటోలకి 70-200 మేలా, 100-400 మేలా?

నేను ఆర్‌సీ (రేడియో కంట్రోల్) బోట్ల ఫొటోలు తీస్తానని తెలిసినవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు, 70-200 ఎంఎం ఎఫ్ 2.8 లెన్స్ కొనాలా లేక 100-400 ఎంఎం లెన్స్ కొనాలా అని. నాలుగేళ్ళు 70-200 తోనే తీశా, ఈమధ్యే 100-400 కి మారా, కాబట్టి రెండిటి సుఖాలూ బాధలూ తెలుసు. బర్స్ట్, కంటిన్యువస్ ఫోకస్ లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అందరూ ముందు వెలుతురు లెక్క వేస్తారు, 2.8 అంటే 100-400 లెన్స్ 400 దగ్గర ఇచ్చే 5.6 కంటే రెండు స్టాప్‌లు ఎక్కువ, అంటే నాలుగు రెట్లు వెలుతురు కదా అని. నిజమే గానీ నా దృష్టిలో అసలు తేల్చేది అది కాదు, బోట్‌ని మనం నీళ్ళకి ఎంత వాలుగా చూస్తున్నాం అన్నది. స్పీడ్‌లో ఉన్న హైడ్రో గానీ రిగ్గర్ గానీ (రెండూ రేసు బోట్ రకాలే) నీళ్ళలో ఉండదు, దాదాపు గాలిలోనే ఉంటుంది, రెండు పక్కలా ఉండే స్పాన్సన్ల (తేలడానికి పెట్టే భాగాల) అడుగులూ ప్రొపెల్లరూ రడ్డరూ దాదాపు అంతే నీళ్ళకి తగిలేది. ఆ బోట్ హల్ (అడుగు భాగం) కింద సన్నగా వెలుతురు గీత కనపడిందా, ఫొటోలో స్పీడ్ దానంతట అదే వచ్చేస్తుంది. పైనుంచి తీస్తే ఆ గీత మాయం, వెనకాల మొత్తం నీళ్ళే, ఎంత ఖరీదైన బోటైనా గంగాళంలో వదిలిన కాగితం పడవలా ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఫుల్ ఫ్రేమ్ (36 ఎంఎం వెడల్పు సెన్సర్) కెమెరా మీద 200 ఎంఎం దగ్గర 12 మీటర్ల దూరంలో ఫ్రేమ్ వెడల్పు దాదాపు 2.2 మీటర్లు, 80 సెంటీమీటర్ల బోట్ మూడో వంతుకి పైగా నిండుతుంది. 400 తో అంతే సైజు 24 మీటర్ల దూరం నుంచే వస్తుంది. కెమెరా నీళ్ళకి మీటరున్నర ఎత్తులో ఉందనుకోండి, 12 మీటర్ల దగ్గర చూపు 7 డిగ్రీలు కిందికి పడుతుంది, 24 దగ్గర మూడున్నరే. అంటే దూరం జరిగితే చాలు, నిలబడి తీసినా సగం వంగి తీసినట్టే.

మోకాళ్ళ మీద కూర్చుంటే 70-200 తో కూడా అదే కోణం వస్తుంది కదా అంటారు, వస్తుంది, ఇంకా బాగా వస్తుంది, నేను ఆ నాలుగేళ్ళూ చేసింది అదే, ప్యాంట్లన్నీ బురదే. కానీ నీళ్ళ అంచున కూర్చుని వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినప్పుడు పక్కనుంచి ఏం వస్తోందో కనపడదు, రేడియో సిగ్నల్ పోయిన బోట్ గంటకి 60 కిలోమీటర్ల వేగంతో గట్టు మీదికి దూసుకురావడం ఒకసారి నా పక్కనే చూశా, అప్పట్నుంచి అంచు మీద మోజు పోయింది. పైగా బోట్లు మనకోసం 12 మీటర్ల దగ్గరికి రావు, గట్టుకి దూరంగానే తిప్పుతారు, 200 తో అవి చీమలే, క్రాప్ చేసుకుంటూ కూర్చోవాలి.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కోసం 2.8 కావాలనేవాళ్ళకి ఒక సంగతి. 200 ని 2.8 తో భాగిస్తే 71, 400 ని 5.6 తో భాగించినా 71, అంటే లెన్స్ రంధ్రం వెడల్పు రెండిట్లోనూ 71 ఎంఎమ్మే. బోట్ సైజు ఒకటే ఉంచితే దూరంగా ఉన్న అవతలి గట్టు రెండిట్లోనూ దాదాపు ఒకేలా కరిగిపోతుంది. ఇది కాగితం మీద వేసి చూసుకున్న రోజు 2.8 మీద నాకున్న భక్తి సగం తగ్గింది.

అలాగని 100-400 కి వంకలు లేవా అంటే ఉన్నాయి. 400 దగ్గర అడ్డంగా కనపడేది 5 డిగ్రీలే, దూసుకొచ్చే బోట్‌ని వెతికి పట్టుకునేలోపు అది వెళ్ళిపోతుంది, అందుకే నేను 100 దగ్గర పట్టుకుని వెంట తిప్పుతూ జూమ్ లాగుతా, అలవాటవడానికి వారాలు పట్టింది. మధ్యాహ్నం ఎండలో నీళ్ళమీద గాలి మరుగుతుంది చూడండి, దూరం పెరిగేకొద్దీ అది బోట్ పేరూ నంబరూ అన్నిటినీ వణికిస్తుంది, దానికి ఏ లెన్సూ మందు కాదు, పొద్దున్నే వెళ్ళడమే. ఇక సాయంత్రం వెలుతురు పడిపోయాక 70-200 దే రాజ్యం. మంచి ఎండలో 1/2000 షట్టర్, ఎఫ్ 5.6 కి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 250 సరిపోతుంది గానీ నాలుగు స్టాప్‌లు తగ్గాక 4000 కావాలి, 2.8 ఉంటే 1000 తో గడుస్తుంది.

ఏ లెన్సైనా ఎక్కడ నిలబడాలో చూసుకోండి. ఓవల్ రేసుల్లో బోట్లు మామూలుగా గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి, గట్టు మీదనుంచి చూస్తే కుడి చివరి మలుపులో ముక్కు మనవైపు తిరుగుతుంది, వెనక నీటితోక విసనకర్రలా విచ్చుకుంటుంది. ఎడమ చివర అయితే వీపు చూపించి పోతుంది, అక్కడ కార్డు నింపుకోవడం దండగ. ఫోకస్ ఏరియా పెద్దది పెడితే బోట్‌ని వదిలి ఆ తెల్లటి తోకని పట్టుకుంటుంది, చిన్న పాయింట్ ముక్కు మీదే ఉంచండి. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) తీసి సంచిలో పడేయండి, ఇంత వాలు చూపులో నీటి మెరుపుని అది పెద్దగా తగ్గించదు, ఉన్న వెలుతురు మాత్రం తినేస్తుంది.

300 ఎఫ్ 4 ప్రైమ్ షార్ప్‌గా ఉంటుంది గానీ జూమ్ లేక బోట్ దగ్గరికొస్తే ముక్కో తోకో తెగుతుంది. 150-600 బరువు, పూటంతా చేత్తో తిప్పలేం. ఫోన్ వీడియోకి ఓకే.

నా 70-200 ని మాత్రం అమ్మలేదు, పిట్స్‌లో (బోట్లు సిద్ధం చేసుకునే చోట) ఇంజిన్లు విప్పుకుంటూ చేతులంతా నూనె పూసుకున్నవాళ్ళని తీయడానికి దాన్ని మించింది లేదు. నీళ్ళవైపు తిరిగితే 100-400 ఏ.