పద్మినికి 165 రేడియల్స్: టైరుతో పేచీ లేదు, లోపలి ట్యూబుతోనే

మా 1986 ప్రీమియర్ పద్మిని కారుకి నైలాన్ టైర్లు (లోపలి దారాలు ఏటవాలుగా ఉండే పాతరకం) తీసేసి 165/80 ఆర్14 రేడియల్స్ (దారాలు అంచు నుంచి అంచుకి అడ్డంగా ఉండే రకం; 165 మిల్లీమీటర్లలో వెడల్పు, 14 అంగుళాల్లో రిము కొలత) వేయించి నాలుగేళ్లు దాటింది. స్విఫ్ట్‌కి వేసే సైజే కాబట్టి ఎక్కడికెళ్లినా దొరుకుతుంది. అసలు సైజు 5.20-14 కూడా వెతికితే దొరుకుతుంది గానీ, మాకు చూపించినవన్నీ ఏళ్ల తరబడి గోడౌన్లో మగ్గిన సరుకే. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అది చూడకుండా "కొత్తదే సార్" అన్న మాటకి డబ్బు తీయొద్దు.

హైవే మీద సుఖం మాత్రం ఒప్పుకోవాలి. నైలాన్ టైర్లతో విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే లారీలు తొక్కిన గాడి ఎటు లాగితే బండి అటు పోయేది, చేతులకి విశ్రాంతి ఉండేది కాదు. రాత్రంతా నిలబెడితే కింది భాగం చదునైపోయి, పొద్దున్నే కాసేపు దడదడ. ఇప్పుడు ఆ రెండూ లేవు. వానలో బ్రేకు మీద నమ్మకం కూడా పెరిగింది.

ఇక అసలు కథ. మే నెల, మిట్టమధ్యాహ్నం, కోదాడ దాటాక వెనక ఎడమ టైరు కూర్చుండిపోయింది. స్టెప్నీ పాత నైలాన్‌దే. ఒకే ఇరుసు మీద అటు రేడియల్, ఇటు నైలాన్ ఉండకూడదని తెలిసినా గత్యంతరం లేదు, వేసుకుని మెల్లగా పంక్చర్ షాపు దాకా ఈడ్చుకొచ్చాను. మేకు లేదు, సీల లేదు. ట్యూబుకి గాలి కొట్టి నీళ్లలో ముంచితే సన్నగా బుడగలు. ఆ పంక్చర్ ఆయన మలయాళీ, తెలుగు మాకంటే స్పష్టంగా మాట్లాడతాడు. వాల్వు ఎక్కడుండేదో గుర్తుపెట్టుకుని ట్యూబుని టైరు పక్కన అలాగే పరిచాడు, చిల్లుకి ఎదురుగా టైరు లోపల అరచేత్తో తడిమాడు. ఒక కాగితం స్టిక్కర్ తగిలింది. వేడికి అంచు లేచి గట్టిపడి, ట్యూబుని అదే పనిగా గీకుతోంది.

"మిగతావి కూడా విప్పుదాం సార్" అన్నాడు. విసుక్కుంటూనే సరే అన్నాను. ముందు కుడివైపు ట్యూబు కూడా అదే చోట అరిగి, నేడో రేపో అన్నట్టుంది. పైగా నాలుగింట్లోనూ పాత 5.20 ట్యూబులే! ఆ సైజు టైరు వెడల్పు 132 మిల్లీమీటర్లే. దాని ట్యూబుని 165లో వేస్తే సాగి పలచబడుతుంది. రేడియల్ పక్కగోడ నైలాన్ దానికంటే ఎక్కువ ఆడుతుంది కాబట్టి రాపిడి కూడా ఎక్కువే. టైర్లు అమ్మి బిగించిన షాపు వాళ్లు రేడియల్ ట్యూబులకి డబ్బు తీసుకుని పాతవే పెట్టారని అక్కడ తెలిసింది. బిల్లు చూపించి అడిగితే "కుర్రాడు పొరపాటు పడ్డాడు" అన్నారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. మా మలయాళీ ఆయన స్టిక్కర్లు గీకేసి, లోపల టాల్కం పౌడర్ చల్లి, సరైన ట్యూబులు తెప్పించి వేశాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా ట్యూబు గొడవ లేదు.

ఈ రేడియల్స్ ట్యూబ్ లేకుండానే గాలి నిలిపే ట్యూబ్‌లెస్ టైర్లే కదా, ట్యూబ్ ఎందుకు అని అందరూ అడుగుతారు. కొత్త రిముల్లో టైరు అంచు కూర్చునే చోటికి పక్కనే చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా, మలుపులో ఒరిగినా టైరు జారకుండా పట్టుకునేది అదే. మా రిములకి అది లేదు. అందుకే ట్యూబు.

గాలి సంగతి. ఎక్కడ ఆగినా అడక్కుండానే 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టేస్తారు. సుమారు 900 కిలోల బండికి అంత పెడితే ప్రతి గతుకూ నడుముకి తెలుస్తుంది. నేను సుద్దముక్కతో టైరు మీద అడ్డంగా గీత గీసి, కొంచెం దూరం తిన్నగా నడిపి చూశాను. నడిమి గీత ముందు చెరిగితే గాలి ఎక్కువ, అంచులు చెరిగితే తక్కువ. అలా ముందు 26, వెనక 28 దగ్గర స్థిరపడ్డాను. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండితే వెనక 30. పొద్దున్నే, బండి తీయకముందే కొలుస్తాను. ఎండలో నడిచాక పెరిగిందని గాలి వదిలేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

పైన హైవే గురించి రాసినదానికి ఒక సవరణ. టైర్లు మార్చిన నెలలోనే స్టీరింగ్ బాక్స్ కూడా విప్పి సర్దించాం. బండి తిన్నగా పోవడంలో టైర్ల వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఊళ్లో మాత్రం స్టీరింగ్ బరువెక్కింది, అది టైర్ల పనే. రైతుబజారు దగ్గర పార్కింగ్ చేస్తూ నాన్నగారు "తిరగలి తిప్పుతున్నట్టుంది రా" అన్నారు. ఆయన నడిపే వారం ముందు 28 పెడుతున్నాను. కాస్త తేలికవుతుంది, అంతే.

నాకు హైదరాబాద్ రాకపోకలు ఎక్కువ, అందుకే 165 నచ్చింది. బండి ఊరు దాటకపోతే, నడిపేది పెద్దవాళ్లయితే, 155/80 ఆర్14 కోసం ఆగడం మేలేమో. టైరు ఎత్తులో తేడా 16 మిల్లీమీటర్లే గానీ వెడల్పు తగ్గడం వల్ల తిప్పడం తేలికంటారు. నేను వేసి చూడలేదు. స్టెప్నీగా ఐదో 165 కొందామంటే నాన్నగారు "ఆగు, అరిగాక మొత్తం 155కే మారుద్దాం" అంటున్నారు. అది తేలేదాకా డిక్కీలో ఆ నైలాన్ టైరే ఉంటుంది.