థెరాబ్యాండ్: కిడ్నీ రోగులకు డంబెల్ కన్నా ఇదే మేలు

డయాలసిస్ అవసరం పడకముందే చాలామంది కిడ్నీ రోగుల ప్రాణం గుండెజబ్బుతో పోతోంది. రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటుంది, గుండె గోడ మందమవుతుంది, మరోపక్క కండ కరిగిపోతుంది. నడకతో పాటు కండబలం పెంచే వ్యాయామం కూడా కావాలనేది అందుకే. దానికోసం ఇంట్లో ఒక్క వస్తువే కొనాలంటే థెరాబ్యాండ్ వారి చదును రబ్బరు పట్టీ కొనమంటాం.

పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు... ఈ వరుసలో బిగువు పెరుగుతుంది. పట్టీని రెట్టింపు పొడవుకు లాగితే పసుపుది సుమారు 1.3 కిలోలు, ఎరుపుది 1.7, ఆకుపచ్చది 2.1. డంబెల్ అయితే 1 కిలో తర్వాత తరచూ నేరుగా 2 కిలోలకు వెళ్లాల్సి వస్తుంది. కండ తగ్గినవారి భుజాలు అంత పెంపును తట్టుకోలేవు. పట్టీ రంగుల వరుస కంపెనీని బట్టి మారుతుంది, వేరే బ్రాండు కొంటే మళ్లీ తేలికదానితోనే మొదలుపెట్టండి.

ముందు కాళ్ల బలం చూసుకోవాలి. పట్టీ రెండు కొసలూ ముడివేసి ఉచ్చులా చేసి, ఒకవైపు కుర్చీ వెనక కాలికి, మరోవైపు చీలమండకు తగిలించి మోకాలు మెల్లగా చాచండి. కుర్చీ బరువైనదై గోడకు ఆనుకుని ఉండాలి, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. 10 సార్లు ఒక విడత, 2 నిమిషాల విరామం, వారానికి 2 రోజులు. అది తేలికనిపించాకే రెండో విడత. చాచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవారు నాడి లెక్కను నమ్ముకోకూడదు. ఆయాసపడకుండా ఒక వాక్యం మాట్లాడగలిగితే శ్రమ సరిపోయినట్టే.

ఎక్కువగా పొరపాట్లు జరిగేది ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో ధమనిని సిరకు కలిపిన చోటు) ఉన్న చేతి విషయంలో. ఆ చేతి మణికట్టుకు, ముంజేతికి పట్టీని ఎన్నడూ చుట్టకండి. బిగుసుకుంటే రక్తప్రవాహం తగ్గి గడ్డకట్టవచ్చు. రోజూ ఫిస్టులాను వేలితో తాకి జుమ్మనే కదలిక ఉందో లేదో చూసుకోవాలి, ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి. కొత్తగా ఆపరేషన్ అయినవారు సర్జన్ సరేనన్నాకే ఆ చేతితో లాగాలి. కడుపు డయాలసిస్ చేసుకునేవారు ద్రవం బయటికి తీశాక చేస్తే మంచిది. బీపీ 180/110 దాటినా, డయాలసిస్ తప్పిపోయినా, ఛాతీ నొప్పి, కొత్త వాపు ఉన్నా ఆ రోజు మానేయండి. డయాలసిస్ అయిన వెంటనే చాలామందికి బీపీ పడిపోతుంది, అప్పుడూ వద్దు.

క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) పరీక్షకు ముందు రోజు గట్టిగా వ్యాయామం చేస్తే అంకె కొంచెం పెరిగి కనిపించవచ్చు, దాన్ని చూసి వ్యాయామమే మానేయక్కర్లేదు. ప్రొటీన్ పౌడర్లు, కండ కోసం అమ్మే క్రియాటిన్ పౌడరు మాత్రం నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టరును) అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఈ పట్టీకి లోటు లేకపోలేదు: గుండెకు దమ్ము పెంచడం దీనివల్ల కాదు. కిడ్నీ జబ్బులపై అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ 2024 మార్గదర్శకాలు చెప్పే వారానికి 150 నిమిషాల మధ్యస్థ శ్రమలో సింహభాగం నడకదే.

లేటెక్స్ పడనివారు లేటెక్స్ లేని రకమే అడిగి తీసుకోవాలి. ఎండలో ఆరేస్తే రబ్బరు పెళుసెక్కుతుంది. వాడేముందు వెలుతురుకు ఎత్తి చూడండి. అంచున చిన్న చీలిక కనబడినా పారేయండి, లాగినప్పుడు తెగి కంటికి తగులుతుంది.