గ్యోంగ్జులో ‘అన్నీ కలిపి’ వన్ డే టూర్ బుక్ చేసే ముందు ఇది చదవండి

ఏప్రిల్‌లో మా అత్తమ్మ, మామయ్య మా దగ్గరికి కొరియా వచ్చారు. మా ఆయన పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగి. ఏడాది ట్రైనింగ్ మీద ఉల్సాన్‌లో ఉన్నాం. మామయ్య రిటైరైన సోషల్ మాస్టారు. ఎనిమిదో శతాబ్దంలో హ్యేచో అనే బౌద్ధ భిక్షువు, కొరియాలోని పాత సిల్లా రాజ్యంవాడు, మన దేశం తిరిగి యాత్ర రాసుకున్నాడని చెప్పి, ‘ఆయన రాజ్యం రాజధాని మనం చూడొద్దా అమ్మా’ అని టికెట్లు తీయకముందే అన్నారు. ఆ రాజధానే గ్యోంగ్జు. మాకు బస్సులో గంట అటూ ఇటూ. భాష రాదు, పెద్దవాళ్లతో ప్రయాణం, ఎందుకొచ్చిన టెన్షన్ అనుకుని ఒక యాప్‌లో గైడ్‌తో సహా వన్ డే టూర్ బుక్ చేశాను. చేసింది నేనే, కాబట్టి తిట్లూ నేనే తిన్నాను.

టూర్ వాళ్ల పేరు రాయను. రాసినా లాభం లేదు, అవే ఫొటోలు, అవే మాటలు రెండు మూడు పేర్లతో కనిపిస్తున్నాయి. మాటలు గుర్తుపెట్టుకోండి: ‘ఆల్ ఇన్‌క్లూజివ్’, ‘చెర్రీ బ్లాసమ్ గ్యారంటీ’, ‘వెజ్ లంచ్’, ‘వోల్జీ నైట్ వ్యూ’. తలకు 95,000 వాన్. నలుగురికి 3,80,000. మన డబ్బులో ఇరవై వేలు దాటింది.

బుల్గుక్సా గుడి పార్కింగ్‌లో బస్సు ఆగగానే గైడ్ కవరు పట్టుకుని వచ్చాడు. గుడి టికెట్లు ప్యాకేజీలో లేవట, బుల్గుక్సాకి ఆరు వేలు, కొండ మీది సొక్కురామ్ గుహకి ఆరు వేలు, తలకు 12,000 నగదు ఇవ్వాలట. ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ అన్నారు కదా అంటే, అది బస్సుకీ భోజనానికీ అన్నాడు. వెనక పాతిక మంది చూస్తుంటే ఎవరం మాత్రం ఎంతసేపు వాదిస్తాం? ఇచ్చేశాం. గేటు దగ్గర టికెట్ అడిగిన మనిషే లేడు. మామయ్య ‘మన టికెట్లేవి?’ అంటే ‘గ్రూప్ టికెట్’ అని జవాబు. ఇంటికొచ్చాక చూస్తే, ఈ రెండు చోట్లా 2023 మే నుంచి ప్రవేశం ఉచితం. వాడు వసూలు చేసింది అంతకు ముందున్న పాత రేటు! కనీసం కొత్తగా ఒక అంకె కల్పించే ఓపిక కూడా లేదు.

గుడిలో మాకిచ్చింది నలభై నిమిషాలు. 751లో కిమ్ దేసొంగ్ మొదలుపెట్టిన కట్టడం అది. ముందువైపు రాతి మెట్లు ముప్పై మూడు, బౌద్ధంలోని ముప్పై ముగ్గురు దేవతల లోకానికి గుర్తు. లోపల రెండు రాతి స్తూపాలు, ఒకటి సాదాగా, ఒకటి నగలు పెట్టినట్టు. ఇవేవీ గైడ్ చెప్పలేదు, ‘ఫొటోలు తీసుకోండి, పదకొండున్నరకి బస్సు’ అని ఫోన్‌లో పడ్డాడు. నగల స్తూపం, దాని పేరు దాబోతాప్, దాన్ని మామయ్య అలా చూస్తూ నిలబడితే ఒక కొరియన్ అవ్వ పర్సులోంచి పది వాన్ నాణెం తీసి చూపించింది. అదే స్తూపం నాణెం మీద! ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఐదు నిమిషాలు నవ్వుకుంటూనే ఉన్నారు. ఆ రోజు మొత్తంలో డబ్బులివ్వకుండా దొరికిన గైడ్ ఆవిడే.

సొక్కురామ్ గుహ బుద్ధుడి కోసమే మామయ్య ఇంత దూరం వచ్చారు. అది పై కొండ మీద. ‘ఈరోజు రిపేర్లు, మూసేశారు’ అన్నాడు గైడ్. అదే సమయానికి కొండ దారి నుంచి నడిచి దిగుతున్న ఇద్దరు కుర్రాళ్లని అడిగితే, ఇప్పుడే చూసొచ్చాం అన్నారు. గైడ్‌కి చెప్తే వినబడనట్టే ఉన్నాడు.

ఇక పూల సంగతి. మేం వెళ్లింది 18న. బోమున్ సరస్సు చుట్టూ ప్రకటనలో చూపించిన చెట్లన్నీ పచ్చటి ఆకులతో ఉన్నాయి, పువ్వన్నది ఒక్కటి లేదు. అక్కడ మామూలు చెర్రీ మార్చి ఆఖర్లో పూసి ఏప్రిల్ మొదటి వారానికే రాలడం మొదలవుతుంది. ఇది టూర్ నడిపేవాడికి తెలియదా? ‘ప్రకృతి మన చేతిలో లేదు కదా’ అని వేదాంతం చెప్పాడు. నాకు కడుపు మండింది దీనికి కాదు. బుల్గుక్సా కిందివైపు ఒక వాలు ఉంది, అక్కడ ముద్ద చెర్రీ చెట్లు. ఈ రకం ఆలస్యంగా, సరిగ్గా ఏప్రిల్ మధ్య నుంచి పూస్తుంది. ముద్దగులాబీల్లా గుత్తులు గుత్తులు, చెట్ల కింద జనం దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. బస్సు కిటికీలోంచి చూసి అత్తమ్మ ‘ఇక్కడున్నాయి కదే పూలు!’ అని నా భుజం పట్టి ఊపింది. పది నిమిషాలు ఆపమన్నాం. లంచ్‌కి ఆలస్యమవుతుందన్నాడు. పూలు చూపిస్తానని డబ్బు తీసుకున్నవాడు పూల పక్కనుంచే బస్సు పోనిచ్చాడండీ.

వెజ్ లంచ్ అంటే బిబింబాప్, కూరగాయలు వేసి కలుపుకునే కొరియన్ అన్నం. మధ్యలో గొడ్డుమాంసం తురుము. తీసి పక్కన పెట్టుకోమన్నారు. అత్తమ్మ అరటిపండు తిని ఊరుకుంది.

తర్వాత ఎర్ర జిన్‌సెంగ్ అనే మందు వేరు అమ్మే షాపులో గంటా ఇరవై నిమిషాలు. బుల్గుక్సాకి ఇచ్చిన టైముకి సరిగ్గా రెట్టింపు. సిల్లా రాణి సొండొక్ కాలంనాటి చొమ్‌సొంగ్డే ఖగోళ గోపురాన్ని మాత్రం బస్సులోంచే చూపించారు. ఐదున్నరకి తిరుగు ప్రయాణం. వోల్జీ చెరువు నైట్ వ్యూ మాటేమిటంటే, ‘సీజన్‌ని బట్టి మారవచ్చు’ అని చిన్న అక్షరాల్లో ఉందట. ఏప్రిల్‌లో అక్కడ ఏడు దాకా వెలుతురే. ఐదున్నరకి రాత్రి ఎక్కడినుంచి తెస్తాడు?

మరుసటి ఆదివారం మేమే వెళ్లాం. ఉల్సాన్ నుంచి బస్సు, గ్యోంగ్జు బస్టాండ్ నుంచి 10 లేదా 11 నంబరు సిటీ బస్సు ఎక్కితే బుల్గుక్సా, అక్కణ్ణుంచి 12 నంబరు సొక్కురామ్. ఈ 12 గంటకొకటి, టైము చూసుకోండి. దారి కోసం నేవర్ మ్యాప్ పెట్టుకోండి, ఇంగ్లీషులో కూడా ఉంది. గుహలో బుద్ధుణ్ణి అద్దం వెనకనుంచే చూడాలి, ఫొటోలు తీయనివ్వరు. మామయ్య ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డారు, మేమూ తొందరపెట్టలేదు. సాయంత్రం రాజుల సమాధి దిబ్బల పక్కన నడిచి, చీకటి పడ్డాక వోల్జీకి వెళ్లాం. టికెట్ మూడు వేలు, రాత్రి పదింటి దాకా తెరిచే ఉంటుంది. దీపాల వెలుగులో మండపం నీళ్లలో తలకిందులుగా నిలబడి ఉంటే అత్తమ్మ ఇంటికి వీడియో కాల్ చేసి ఊళ్లో అందరికీ చూపించింది. ముద్ద చెర్రీలు అప్పటికి సగం రాలాయి. అదొక్కటే దక్కలేదు.

డబ్బు సంగతి. 1330కి ఫోన్ చేశాను, అది టూరిస్టుల హెల్ప్‌లైన్, ఇంగ్లీషులో మాట్లాడతారు. ఫిర్యాదు ఎక్కడ, ఎలా పెట్టాలో చెప్పారు. బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్లు, టైము పడిన ఫొటోలు జతచేశాను. గైడ్ వసూలు చేసిన 48,000 వెనక్కి వచ్చింది. ప్యాకేజీ డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వం అంటున్నారు. స్క్రీన్‌షాట్లు బుక్ చేసిన రోజే తీసి పెట్టుకోండి, నేను ఫిర్యాదు పెట్టిన మూడో రోజుకి వాళ్ల పేజీలో ‘గ్యారంటీ’ అన్న మాట మాయమైంది.

నవంబర్ ఎర్రాకుల సీజన్‌కి అదే టూర్ ఇప్పుడు అమ్ముతున్నారు. ఇప్పటికే బుక్ చేసినవాళ్లు ఉంటే, బుల్గుక్సాలో ఎన్ని నిమిషాలు, షాపులెన్ని, వోల్జీకి ఎన్నింటికి చేరతారో మెసేజ్‌లో రాయించుకోండి. రాయనంటే క్యాన్సిల్ చేయండి. నా కార్డు బ్యాంకులో కూడా కంప్లయింట్ పెట్టాను, జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.